సౌర విద్యుత్తు చౌకైంది, కరెంటు బిల్లు ఎందుకు తగ్గలేదు?

సారాంశం: ఆంధ్రప్రదేశ్‌లో పవన, సౌర విద్యుత్తుపై పదేళ్లుగా సాగుతున్న వివాదంలో రాజకీయ పక్షాలు ప్రధానంగా యూనిట్ ధర గురించే వాదించుకుంటున్నాయి. వినియోగదారుడి బిల్లును మాత్రం ఆ ధర కంటే ఎక్కువగా కాలం నిర్ణయిస్తోంది. ఒప్పందం ఏ ఏడాది కుదిరింది, కరెంటు రోజులో ఏ గంటకు అందుతుంది, అయిన ఖర్చును ఎన్నేళ్ల తర్వాత వసూలు చేస్తారు అన్నవే భారం ఎవరి మీద, ఎంత పడుతుందో తేలుస్తున్నాయి.

2024 డిసెంబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లకు వచ్చిన కరెంటు బిల్లుల్లో 2022–23లో వాడిన కరెంటుకు సంబంధించిన సర్దుబాటు పద్దు ఒకటి చేరింది. ఆ కరెంటు కొన్న నాటికి ఒక ప్రభుత్వం ఉంది, బిల్లు చేతికొచ్చే నాటికి మరో ప్రభుత్వం ఉంది. పాత ప్రభుత్వం చేసిన భారమని అధికార పక్షం చెప్పింది. వసూలు చేస్తున్నది ఎవరో చూడండని ప్రతిపక్షం జవాబిచ్చింది. ఈలోగా రాష్ట్రం 160 గిగావాట్ల స్వచ్ఛ ఇంధన లక్ష్యాన్ని ప్రకటించింది. సౌర విద్యుత్తు యూనిట్ రెండున్నర రూపాయలకు దొరుకుతోందని ఒకవైపు వింటూ, మరోవైపు పెరిగిన బిల్లు కట్టే కుటుంబానికి ఈ రెండింటి మధ్య పొంతన కనిపించదు. ఆ పొంతన ఎక్కడ తెగిందో తెలియాలంటే ముందు బిల్లు తయారయ్యే పద్ధతిని చూడాలి.

రెండేళ్లు ఆలస్యంగా వచ్చే ఖర్చు

విద్యుత్ పంపిణీ సంస్థలు, అంటే డిస్కంలు, రాబోయే ఏడాదికి ఎంత కరెంటు కావాలో, దాన్ని ఏ ధరకు కొనాల్సి వస్తుందో అంచనా వేసి విద్యుత్ నియంత్రణ మండలికి నివేదిస్తాయి. మండలి బహిరంగ విచారణ జరిపి టారిఫ్ నిర్ణయిస్తుంది. 2022 ఏప్రిల్ నుంచి అమలైన స్లాబుల ప్రకారం గృహ వినియోగదారుడు మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయల చొప్పున, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6 రూపాయల చొప్పున చెల్లిస్తాడు. నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి ఈ లెక్కన విద్యుత్ ఛార్జీ 867 రూపాయలు అవుతుంది.

ఏడాది గడిచేసరికి అసలు ఖర్చు అంచనాను దాటితే ఆ తేడాను ఇంధన, విద్యుత్ కొనుగోలు వ్యయ సర్దుబాటు పేరిట తర్వాత వసూలు చేస్తారు. కరెంటును చేరవేసే తీగలు, సబ్‌స్టేషన్ల వంటి నెట్‌వర్క్ ఖర్చుల తేడాను ట్రూఅప్ అంటారు. 2014–19 కాలపు ట్రూఅప్ సుమారు 2,900 కోట్ల రూపాయల వసూలు 2022 ఆగస్టులో మొదలైంది. 2022–23కు 6,072 కోట్ల సర్దుబాటును మండలి 2024 అక్టోబరులో అనుమతించింది. ఆ మరుసటి ఏడాదికి 9,412 కోట్లు అనుమతించగా, అందులో కొంత భాగం నెలనెలా యూనిట్‌కు 40 పైసల చొప్పున అప్పటికే వసూలై ఉంది. ఈ 40 పైసలే 200 యూనిట్ల ఇంటికి నెలకు 80 రూపాయలు, అంటే విద్యుత్ ఛార్జీలో పదో వంతుకు దగ్గర. టారిఫ్ పెంచలేదని ప్రభుత్వం చెప్పే మాట, బిల్లు పెరిగిందని వినియోగదారుడు చెప్పే మాట ఏకకాలంలో నిజం కావడానికి కారణం ఇదే.

2022–23లో ఖర్చు అంతగా పెరగడానికి పవన, సౌర విద్యుత్తు ప్రధాన కారణం కాదు. ఆ వేసవిలో దేశమంతటా బొగ్గు కొరత ఏర్పడింది. కరెంటును ఏ రోజుకారోజు కొని అమ్మే విద్యుత్ ఎక్స్ఛేంజీలో యూనిట్ ధర నియంత్రణ సంస్థ విధించిన 12 రూపాయల గరిష్ఠ పరిమితిని తాకింది. ఆంధ్రప్రదేశ్ ఏప్రిల్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించింది. దిగుమతి బొగ్గును కలిపి వాడాలని కేంద్రం ఆదేశించింది. అంతర్జాతీయ మార్కెట్‌లో బొగ్గు ధర మండుతున్న సమయమది. అయినా రెండేళ్ల తర్వాత బిల్లు వచ్చేసరికి ఈ కారణాలేవీ ఎవరికీ గుర్తులేవు. బిల్లు వచ్చిన నాటి రాజకీయాలే దానికి వివరణ అయ్యాయి. ఆలస్యంగా వసూలు చేసే ఈ పద్ధతి వల్ల జరిగే అసలు నష్టం ఇదే. ఖర్చుకూ కారణానికీ మధ్య సంబంధం తెగిపోయి, ఏ నిర్ణయానికి ఎవరు జవాబుదారీ అన్నది పౌరుడు తేల్చుకోలేకపోతాడు.

సర్దుబాటు కిందికి కూడా పనిచేస్తుంది. 2024–25లో ముందుగా వసూలు చేసిన మొత్తం అసలు ఖర్చును మించడంతో 2025 నవంబరు నుంచి యూనిట్‌కు 13 పైసలు తిరిగి ఇవ్వాలని మండలి ఆదేశించింది. ప్రభుత్వం దీన్ని ఛార్జీల తగ్గింపుగా చెప్పుకుంది. లెక్క ప్రకారం అది వినియోగదారుడు అదనంగా కట్టిన డబ్బు వెనక్కి రావడమే.

2019: ఒప్పందాలను తిరగదోడిన ప్రయత్నం

పునరుత్పాదక విద్యుత్తు రాష్ట్ర రాజకీయాల్లో కేంద్ర స్థానానికి వచ్చింది 2019లో. అప్పటికి రాష్ట్రంలో సుమారు 4,000 మెగావాట్ల పవన విద్యుత్ సామర్థ్యం ఉంది. ఇందులో పెద్ద భాగం 2014–19 మధ్య వచ్చింది. నియంత్రణ మండలి ఖరారు చేసిన యూనిట్ ధర 4.80 రూపాయల పైన, ఒప్పంద కాలం 25 ఏళ్లు. ఒప్పందాలు కుదురుతున్న ఆ కొద్ది కాలంలోనే దేశంలో ధరలు కుప్పకూలాయి. 2015 నవంబరులో కర్నూలు సోలార్ పార్కు వేలంలో 4.63 రూపాయలు రికార్డు కనిష్ఠంగా వార్తల్లోకెక్కింది. 2017 ఏప్రిల్‌లో కడప పార్కులో ధర 3.15కు దిగింది. మరుసటి నెలలో రాజస్థాన్‌లోని భడ్లాలో 2.44 పలికింది. అదే ఏడాది చివర గుజరాత్ వేలంలో పవన విద్యుత్తు 2.43కు వచ్చింది.

2019 మేలో అధికారంలోకి వచ్చిన వైఎస్ జగన్‌మోహన్‌రెడ్డి ప్రభుత్వం జులై 1న ఉన్నత స్థాయి సంప్రదింపుల కమిటీని నియమించి పాత ధరలను తగ్గించాలని ఉత్పత్తిదారులను కోరింది. ప్రభుత్వ వాదనలో బలం లేకపోలేదు. పవన విద్యుత్ కేంద్రాలు సగటున ఏడాదిలో నాలుగో వంతు కాలమే పూర్తి సామర్థ్యంతో నడుస్తాయనుకుంటే 4,000 మెగావాట్ల నుంచి ఏటా 876 కోట్ల యూనిట్లు వస్తాయి. పాత, కొత్త ధరల తేడా 2.40 రూపాయలు అనుకుంటే భారం ఏటా 2,100 కోట్లు. ఏడాదికి 6,000 కోట్ల యూనిట్లకు పైగా వాడే రాష్ట్రంలో దాన్ని అందరికీ పంచితే యూనిట్‌కు 30 పైసల పైన పడుతుంది. పైగా గాలి ఎక్కువగా వీచే నెలల్లో పవన విద్యుత్తును తప్పనిసరిగా తీసుకోవాల్సి రావడంతో థర్మల్ కేంద్రాలను ఆపినా, వాటికి స్థిర ఛార్జీలు చెల్లించక తప్పదు. థర్మల్ ఒప్పందాల్లో ధర రెండు భాగాలుగా ఉంటుంది. ఇంధనం కాల్చినందుకు చెల్లించే చర ఛార్జీ ఒకటి, కేంద్రాన్ని సిద్ధంగా ఉంచినందుకు, అది నడిచినా నడవకపోయినా, చెల్లించే స్థిర ఛార్జీ మరొకటి.

అయితే 2015లో కట్టిన ప్రాజెక్టు ఖర్చును 2017 చివరి వేలం ధరతో పోల్చడంలో ఒక పెద్ద లోపం ఉంది. ఆ ధరను నిర్ణయించింది ఉత్పత్తిదారు కాదు, చట్టబద్ధంగా ఏర్పడిన మండలి. ఆ ధరను నమ్మి బ్యాంకులు అప్పులిచ్చాయి. ఉత్పత్తిదారులు హైకోర్టుకు వెళ్లగా, 2019 సెప్టెంబరులో ఏక సభ్య ధర్మాసనం మధ్యంతరంగా పవన విద్యుత్తుకు 2.43, సౌర విద్యుత్తుకు 2.44 చొప్పున చెల్లించమని చెప్పి విషయాన్ని మండలికి పంపింది. 2022 మార్చి 15న ద్విసభ్య ధర్మాసనం ఆ ఆదేశాన్ని కొట్టివేసి, ఒప్పంద ధర ప్రకారమే బకాయిలు చెల్లించాలని తీర్పునిచ్చింది. ఈ మధ్యలో కేంద్ర ఇంధన మంత్రి పలుమార్లు అభ్యంతరం తెలిపారు, జపాన్ రాయబారి సైతం ముఖ్యమంత్రికి లేఖ రాశారు. ఆ తర్వాత కొన్నేళ్ల పాటు రాష్ట్రంలో పవన సామర్థ్యం ఉన్నచోటే ఆగిపోయింది. పొరుగున కర్ణాటక, తమిళనాడు, పశ్చిమాన గుజరాత్ ముందుకు సాగాయి.

ఇలాంటి ప్రయత్నం చేసిన మొదటి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ కాదు. సౌర విద్యుత్తుకు మొదటి 12 ఏళ్లు 15 రూపాయల చొప్పున ఒప్పందాలు చేసుకున్న గుజరాత్ ప్రభుత్వ సంస్థ 2013లో ధర తగ్గించమని అక్కడి మండలిని కోరింది. మండలి తిరస్కరించింది. గుజరాత్ చెల్లిస్తూ వచ్చింది. పంజాబ్ 2021లో ఒప్పందాల రద్దు, ధరల పునర్నిర్ణయం కోసం శాసనసభలో బిల్లునే ఆమోదించింది. గుజరాత్ పద్ధతిలో వినియోగదారుడికి ఖరీదైన యూనిట్లు మిగిలాయి కానీ తర్వాతి వేలాల్లో పోటీ దెబ్బతినలేదు. 2.43 ధర పలికింది ఆ రాష్ట్రంలోనే అన్నది గమనించాల్సిన విషయం.

సెకీ ఒప్పందం: ధర మీద ఒక వాదన, దూరం మీద మరొకటి

పాత ఒప్పందాలపై కోర్టులో పోరాడుతూనే జగన్ ప్రభుత్వం రైతుల ఉచిత విద్యుత్తు కోసం రాష్ట్రంలోనే 6,400 మెగావాట్ల సౌర కేంద్రాలకు టెండర్లు పిలిచింది. నిబంధనలపై దాఖలైన పిటిషన్‌తో 2021 జూన్‌లో హైకోర్టు ఆ ప్రక్రియను పక్కనపెట్టింది. తర్వాత కేంద్ర ప్రభుత్వ సౌర విద్యుత్ సంస్థ సెకీ ద్వారా 7,000 మెగావాట్లను యూనిట్ 2.49 రూపాయలకు 25 ఏళ్లు కొనేందుకు 2021 డిసెంబరు 1న ఒప్పందం కుదిరింది. ఉత్పత్తి జరిగేది రాజస్థాన్‌లో. అంతర్రాష్ట్ర సరఫరా ఛార్జీల మినహాయింపు ఉంది కాబట్టి ఇది రాష్ట్రానికి దొరికిన అత్యంత చౌక కరెంటు అని ప్రభుత్వం వాదించింది. లైన్ నష్టాలు, రాష్ట్రం లోపలి సరఫరా ఖర్చు కలిపితే చౌక కాదని, పెట్టుబడీ ఉపాధీ వేరే రాష్ట్రానికి పోతాయని ప్రతిపక్షం వాదించి హైకోర్టును ఆశ్రయించింది.

2024 నవంబరులో అమెరికా న్యాయ శాఖ దాఖలు చేసిన అభియోగపత్రం ఈ ఒప్పందాన్ని మళ్లీ వార్తల్లోకి తెచ్చింది. సరఫరాదారైన అదానీ గ్రూప్ అధినేత, మరికొందరు భారతదేశంలో అధికారులకు లంచాలు ఇవ్వజూపారన్నది అందులోని ఆరోపణ. అదానీ గ్రూప్, వైఎస్సార్ కాంగ్రెస్ దాన్ని ఖండించాయి. ఆరోపణ వెలుగులోకి వచ్చాక కూడా 2024లో అధికారంలోకి వచ్చిన తెలుగుదేశం కూటమి ప్రభుత్వం ఒప్పందాన్ని వెంటనే రద్దు చేయలేదు. 2019లో ఒప్పందాలను కదిపితే ఏమైందో రాష్ట్రం చూసి ఉంది, రద్దుకు పరిహారం కట్టాల్సి రావచ్చన్న లెక్కా ఉంది. 2025లో ఇదే ప్రభుత్వం రాష్ట్రంలోని ఒక పవన–సౌర మిశ్రమ ప్రాజెక్టు నుంచి 4.60 రూపాయలకు 400 మెగావాట్లు కొనేందుకు సిద్ధపడినప్పుడు, 2.49తో పోల్చి అది దోపిడీ అని విమర్శించడం ఈసారి వైఎస్సార్ కాంగ్రెస్ వంతైంది. ఐదేళ్లలో రెండు పక్షాలు స్థానాలు మార్చుకున్నాయి తప్ప వాదనలు మారలేదు.

పగటి యూనిట్, సాయంత్రపు యూనిట్

ఈ పోలికలన్నిటిలో ఒక విషయం మరుగున పడుతోంది. మధ్యాహ్నం పన్నెండు గంటల యూనిట్, రాత్రి ఎనిమిది గంటల యూనిట్ ఒకే సరుకు కావు. ఎండ పుష్కలంగా ఉన్న గంటల్లో ఎక్స్ఛేంజీలో ధర ఒక్కోసారి రెండు రూపాయల లోపుకు పడిపోతుంది. సూర్యుడు దిగాక ఇళ్లలో దీపాలు, ఫ్యాన్లు, ఏసీలు ఒకేసారి నడిచేవేళ అదే ఎక్స్ఛేంజీలో ధర ఇప్పటి గరిష్ఠ పరిమితి 10 రూపాయలను తాకిన రోజులున్నాయి. సౌర విద్యుత్తు ఎంత చౌకగా కొన్నా సాయంత్రపు అవసరానికి బొగ్గునో, జలవిద్యుత్తునో, ఎక్స్ఛేంజీనో ఆశ్రయించక తప్పదు. అందుకే పగటి యూనిట్ ధర సగానికి సగం తగ్గినా బిల్లు ఆ మేరకు తగ్గదు.

ఆంధ్రప్రదేశ్‌కు ఇక్కడ ఒక సానుకూలత ఉంది. వ్యవసాయానికి పగటిపూట తొమ్మిది గంటల కరెంటు ఇచ్చే విధానం వల్ల పంపుసెట్ల వాడకాన్ని సౌర గంటలకు జరపడం సాధ్యమైంది. రైతు రాత్రివేళ పొలానికి వెళ్లే ప్రమాదం తప్పింది, చౌక కరెంటు వచ్చే వేళలోనే దానికి గిరాకీ ఏర్పడింది. పునరుత్పాదక విద్యుత్తుకూ సామాన్యుడి ప్రయోజనానికీ నేరుగా ముడిపడిన చర్యల్లో దీనికి దక్కాల్సిన గుర్తింపు దక్కలేదు.

సాయంత్రపు సమస్యకు పరిష్కారం నిల్వ. పంప్డ్ స్టోరేజీలో పగటి కరెంటుతో నీటిని పై జలాశయానికి ఎక్కించి సాయంత్రం కిందికి వదిలి ఉత్పత్తి చేస్తారు. పెట్టిన కరెంటులో ఐదో వంతు దాకా ఈ ప్రక్రియలో పోతుంది. అంటే 2.49కు కొన్న యూనిట్ నిల్వ నుంచి బయటికొచ్చేసరికి 3 రూపాయలు దాటుతుంది. జలాశయాల, యంత్రాల పెట్టుబడి దానికి అదనం. నంద్యాల జిల్లా పిన్నాపురంలోని 1,680 మెగావాట్ల ప్రాజెక్టు, రాష్ట్ర ప్రభుత్వ ఉత్పత్తి సంస్థ జెన్‌కో తలపెట్టిన 1,350 మెగావాట్ల ఎగువ సీలేరు ఈ కోవలోవి. బ్యాటరీల ధర మరింత వేగంగా మారింది. 2022లో సెకీ టెండర్‌లో రెండు గంటల బ్యాటరీకి మెగావాట్‌కు నెల అద్దె 10.84 లక్షలు. రోజుకు ఒక్కసారే వాడితే అది యూనిట్‌కు 18 రూపాయలవుతుంది. 2024 చివరికి కొన్ని టెండర్లలో కేంద్ర సాయం కలుపుకొని అద్దె రెండు లక్షల చిల్లరకు దిగింది. యూనిట్‌కు నాలుగు రూపాయల లోపే.

ఎవరి జేబు నుంచి

2000లో ఛార్జీల పెంపుపై ఉద్యమం, ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్ కాల్పుల్లో ముగ్గురి మరణం, 2004లో ఉచిత వ్యవసాయ విద్యుత్ ఫైలుపై వైఎస్ రాజశేఖరరెడ్డి తొలి సంతకం: ఈ రెండు ఘట్టాల మధ్య తెలుగు రాజకీయాలు నేర్చుకున్న పాఠం టారిఫ్‌ను నేరుగా పెంచరాదన్నది. ఖర్చు మాత్రం ఆగదు కాబట్టి వేరే దారులు వెతుక్కుంది. వాటిలో సర్దుబాటు ఛార్జీ ఒకటి. 2022లో వాణిజ్య, పారిశ్రామిక వినియోగంపై విద్యుత్ సుంకాన్ని యూనిట్‌కు 6 పైసల నుంచి రూపాయికి పెంచడం మరొకటి. పునరుత్పాదక విద్యుత్తు ధరపై పదేళ్లుగా వాదించుకుంటున్న రాష్ట్రంలో ఒక్క కలం పోటుతో వచ్చిన ఈ 94 పైసలు పవన ఒప్పందాల భారానికి దాదాపు మూడు రెట్లు, వాటిని కట్టేవారి వరకు.

వ్యవసాయం, పేద కుటుంబాల కోసం రాష్ట్రం ఏటా పది వేల కోట్లకు పైగా సబ్సిడీ భరిస్తోంది. 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం ఆ సొమ్ము డిస్కంలకు ముందుగానే అందాలి. ఆలస్యమైతే డిస్కంలు అప్పు తెస్తాయి, వడ్డీ పెరుగుతుంది. మరోవైపు అధిక టారిఫ్ కట్టే పరిశ్రమలు సొంత సౌర కేంద్రాలకు, డిస్కంను కాదని బయటి ఉత్పత్తిదారు నుంచి నేరుగా కొనే ఓపెన్ యాక్సెస్‌కు మళ్లితే సబ్సిడీని మోసే భుజాలు తగ్గిపోతాయి. ఇక్కడ మాత్రం చౌక సౌర విద్యుత్తే మిగిలిన వినియోగదారులపై భారం పెరగడానికి కారణమవుతుంది.

తెలంగాణలో ఇదే రాజకీయం బొగ్గు చుట్టూ నడుస్తోంది. ఛత్తీస్‌గఢ్ నుంచి విద్యుత్ కొనుగోలు, భద్రాద్రి, యాదాద్రి థర్మల్ కేంద్రాల నిర్ణయాలపై కాంగ్రెస్ ప్రభుత్వం 2024లో విచారణ కమిషన్ వేసింది. పంపుసెట్లకు మీటర్లు పెట్టబోమని కేసీఆర్ ప్రభుత్వం కేంద్రం ఇవ్వజూపిన అదనపు అప్పు పరిమితిని వదులుకోగా, ఆంధ్రప్రదేశ్ శ్రీకాకుళంలో మీటర్లతో ప్రయోగం చేసింది. ఇంధనం ఏదైనా 25 ఏళ్ల ఒప్పందం ఐదేళ్ల ప్రభుత్వాన్ని మించి బతుకుతుంది. వివాదానికి మూలం అక్కడ ఉంది.

160 గిగావాట్లు ఎవరి కోసం

2024 అక్టోబరులో ప్రకటించిన సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానం 160 గిగావాట్ల సామర్థ్యాన్ని, 10 లక్షల కోట్ల పెట్టుబడిని, 7.5 లక్షల ఉద్యోగాలను లక్ష్యంగా పెట్టుకుంది. రాష్ట్ర గరిష్ఠ డిమాండ్ సుమారు 13 గిగావాట్లు. కాబట్టి ఇందులో అత్యధిక భాగం ఇతర రాష్ట్రాలకు, పూడిమడక వంటి చోట్ల హరిత హైడ్రోజన్‌కు, విశాఖలో రానున్న డేటా సెంటర్లకు ఉద్దేశించిందే. దీన్ని పారిశ్రామిక విధానంగా చూడాలి. భూమి కౌలు, ఉపాధి, పన్ను ఆదాయం రావచ్చు గానీ, ఇంటి బిల్లు దీనివల్ల తగ్గుతుందన్న భావన ఆ పత్రంలోని లెక్కల నుంచి పుట్టదు.

ఇంటి బిల్లుకు దగ్గరగా ఉన్నవి వేరే నిర్ణయాలు. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రెండు కిలోవాట్ల వరకు ఇంటి పైకప్పు సోలార్ ఉచితంగా అమర్చే పథకం సబ్సిడీ ఖర్చును నెలవారీ నుంచి ఒక్కసారి పెట్టుబడికి మారుస్తుంది. సౌర గంటల్లో తక్కువ ధర ఉండాలన్న కేంద్ర నిబంధనను గృహ వినియోగానికీ అమలు చేస్తే, పగలు ఇంట్లో ఉండి కరెంటు వాడేవారికి లాభం, పనికి వెళ్లి సాయంత్రం వచ్చేవారికి నష్టం కలుగుతుంది.

అన్నిటికంటే పెద్ద భారాన్ని నిర్ణయించబోయేవి ఇప్పుడు కుదురుతున్న నిల్వ ఒప్పందాలు. బ్యాటరీల ధర రెండేళ్లలో ఐదో వంతుకు పడిపోయిన సమయంలో దశాబ్దాలకు స్థిర ధర రాసుకుంటే, 2015 నాటి పవన ఒప్పందాల పరిస్థితే పునరావృతం కావచ్చు. మొత్తం అవసరానికి ఒకే ఏడాది ఒప్పందాలు చేయకుండా ఏటా కొంత చొప్పున వేలం వేయడం, ధరను యూనిట్‌కు కాక సాయంత్రపు గంటల లభ్యతకు ముడిపెట్టడం ఈ ప్రమాదాన్ని తగ్గించే మార్గాలు. డిస్కం చేసుకునే ప్రతి కొనుగోలు ఒప్పందమూ అమల్లోకి రాకముందు నియంత్రణ మండలి సమ్మతి పొందాలి. ఆ దశలో అభ్యంతరాలు తెలిపే అవకాశం ఉంటుంది. ఒకసారి సమ్మతి లభించాక ధరను ఏకపక్షంగా మార్చడం సాధ్యం కాదని 2013లో గుజరాత్‌లోనూ, 2022లో అమరావతిలోనూ తేలిపోయింది.